గాజా ఫొటోకి కన్నీళ్లు సరే, బారఘర ఫొటో ఎవరైనా చూశారా?

కిమిడి_కుర్రాడు
టీ కొట్టు దగ్గర తెలిసినాయన ఒకాయన ఫోన్ చూపించాడు. గాజా పిల్లాడు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. చూపిస్తూనే కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు, నాకూ గొంతు పట్టేసింది. కాసేపాగి అడిగాను, "తిత్లీ తుఫానప్పుడు బారఘరలో గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండ విరిగిపడింది కదా, గుర్తుందా?" అని. "ఎక్కడిదది, కేరళా?" అన్నాడు.

కేరళ కాదు మహాప్రభో. ఒడిశాలో మన గజపతి జిల్లాయే, రాయగడ బ్లాకు (రాయగడ జిల్లా కాదు). 2018 అక్టోబరు. పదిమందికి పైగా పోయారు. ఆయనకి తిత్లీ అంటే తలలు తెగిన కొబ్బరిచెట్లు, శ్రీకాకుళం ఉద్దానం తోటలు, అంతే. ఆ ఫొటోలు చూశాడు గనక.

వేల మైళ్ల అవతల బాధ అంత దగ్గరగా ఎలా కనిపిస్తోంది, మన కొండ మీది బాధ మనకే ఎందుకు కనిపించట్లేదు? ఇందులో పేపర్ల తప్పెంత, మనదెంత? గాజా మీద ఏడవొద్దని కాదు నేననేది, ముందే చెప్తున్నా, దాని మీద యుద్ధం పెట్టకండి.

బరంపురం_అప్పడం
ముందే చెప్పావు కాబట్టి దాని మీదే యుద్ధం జరుగుతుంది, చూస్తూ ఉండు 😀

డేటా_దాసు
ఇందులో వింతేముంది? గాజాలో మనుషులు పోతూనే ఉన్నారు, రోజూ. బారఘర ఒక్కరోజు ఘటన. రెంటినీ ఒకే తక్కెట్లో పెడితే ఎలా?

కిమిడి_కుర్రాడు
@డేటా_దాసు తక్కెట్లో పెట్టలేదు. "ఎక్కడిదది" అన్నాడే, అది నొచ్చింది.

కాశీబుగ్గ_జీడిపప్పు
ఏటి బాబూ, ఉద్దానం ఫొటోలొచ్చాయని మామీద ఏడుపేటి? మా తోటలు పోయినాయి, జీడి పోయింది, కొబ్బరి పోయింది. ఫొటోలు రాకపోతే ఆ పరిహారం కూడా వచ్చీది కాదు. వచ్చింది కూడా ఎంతలే.

కిమిడి_కుర్రాడు
మీ మీద కాదు బావా. మీకొచ్చినట్టే వాళ్లకీ రావాల్సింది అంటున్నా.

లైన్_అకౌంట్
ఈ ముక్క నేను చెప్తాను. చాలా ఏళ్లు ఓ తెలుగు పేపరుకి ఈ బోర్డర్లో కంట్రిబ్యూటర్‌గా చేశాను. జీతం కాదు, లైన్ అకౌంట్, పడిన లైన్లకి డబ్బులు. ఫొటోకి వేరే.

తిత్లీ తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామున, పలాస వైపు. ఉద్దానం నేషనల్ హైవే పక్కనే ఉంది. చెట్లు కొట్టి దారి చేసుకుంటూ మధ్యాహ్నానికి కార్లు వచ్చేశాయి, కెమెరాలూ వచ్చేశాయి. ఇటు గజపతి కొండల్లో రోడ్డే తెగిపోయింది. టవర్లు లేవు, కరెంటు లేదు. గుహ మీద కొండ పడిన కబురే కిందికి దిగడానికి టైం పట్టింది. కెమెరా బండి వెళ్లేంతవరకే వెళ్తుంది. ఇందులో కుట్రేం లేదు.

అసలు కిటుకు రెండోది. మా పేపరు జిల్లా పేజీ శ్రీకాకుళానిది. అది బోర్డర్ దగ్గర ఆగిపోతుంది. పర్లాకిమిడిలో పేపరు అమ్ముడవుతుంది కాబట్టి పర్లాకిమిడి వార్త పడుతుంది. బారఘర వైపు తెలుగు పేపరు ఎవడు కొంటాడు? ఒడియా పేపర్లకేమో అది బరంపురం ఎడిషన్లో చివరి మూల. ఆ ఊళ్ల జనం మాట్లాడేది సవర. ఇటు మా డెస్కుకి వాళ్లు పాఠకులు కారు, అటు వాళ్ల డెస్కుకి అంతంతమాత్రం. ఫొటో పంపితే "ఇది మన ఏరియానా?" అని ఫోన్. నేనే పడ్డాను ఆ ఫోన్లు.

జయపురం_వదిన
@లైన్_అకౌంట్ మరి గాజా మీ డెస్కు ఏరియానా?

లైన్_అకౌంట్
😀 అడగాల్సిందే అడిగారు వదినా. దానికి డెస్కు పంపేవాడు అక్కర్లేదు. రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ లాంటి వార్తా సంస్థల ఫొటోలు ఏజెన్సీ ఫీడ్‌లో ఇరవైనాలుగు గంటలూ పడుతూనే ఉంటాయి. తీసేవాళ్లు గాజా వాళ్లే. బయటి విలేకరుల్ని స్వతంత్రంగా లోపలికి రానివ్వలేదు కదా. వాళ్ల ఇళ్లు కూలుతున్నా, వాళ్ల పిల్లలు పోతున్నా తీస్తున్నారు. ఆ ఫొటో డెస్కు కంప్యూటర్లో రెడీగా ఉంటుంది. కొండ మీది ఫొటో కోసం నేను బండి వేసుకుని పోవాలి, పెట్రోలు నాది.

రిటైర్డ్_మాస్టారు_గుణుపురం
ఈ ఏజెన్సీ సంగతి కొత్తదేమీ కాదు నాయనా. 1876-78 ధాత కరువు విన్నారు కదా. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాభాగం అల్లాడింది, గంజాం అప్పట్లో ప్రెసిడెన్సీలోదే. ఆ కరువుకి ఫొటోలున్నాయి. విల్లోబీ వాలేస్ హూపర్ అని మద్రాసు దళంలో అధికారి తీశాడు. చూస్తే రాత్రి నిద్ర పట్టదు. పట్టనిది ఎముకలకి కాదు, ఆ ఏర్పాటుకి. మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, పెద్దవాళ్లు వెనక, పిల్లలు ముందు, పెళ్లిలో గ్రూప్ ఫొటోలా సర్ది తీశాడు. అప్పట్లో పేపర్లో ఫొటోని నేరుగా అచ్చేసే వీలు లేదు, చూసి చెక్కుడు బొమ్మలు వేసేవారు. లండన్లో మేయరు చందాలు పోగేశాడు. ఇక్కడినుంచి ధాన్యం ఓడలు మాత్రం ఎగుమతికి పోతూనే ఉన్నాయి.

అదే హూపర్ 1886లో మాండలేలో ఖైదీల్ని కాల్చి చంపుతుండగా, గుండు తగిలే క్షణం పట్టుకోవాలని కెమెరా పెట్టాడు. దాని మీద విచారణ జరిగింది, చీవాట్లు పడ్డాయి.

ధాత కరువుకి పదేళ్ల ముందు, 1866లో ఒడిశా నఅంక దుర్భిక్షం. దాదాపు పది లక్షల మంది పోయారంటారు, జనాభాలో మూడోవంతు. దానికి అలాంటి ఫొటోలు నేనెక్కడా చూడలేదు. బ్రిటిష్ రికార్డులు, ముసలాళ్లు చెప్పే కథలు, అంతే. మన పిల్లలకి ధాత కరువు పేరైనా తెలుసు, నఅంక అంటే ఏమిటని అడుగుతారు.

బరంపురం_అప్పడం
మాస్టారూ మా కథ వినండి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్ అందరికీ తెలుసు. పారాదీప్, ఎరసమ, ఉబ్బిన శవాలు, పశువులు, ఆ ఫొటోలు దేశమంతా చూసింది. దానికి పన్నెండు రోజుల ముందు, 17న, గోపాల్‌పూర్ దగ్గర ఇంకో తుఫాను కొట్టింది. మా ఇంటి రేకులు పక్క వీధిలో దొరికాయి. మా అమ్మ ఇంకా వంట రెండు ఇటుకల మీద చేస్తుండగానే పెద్దది వచ్చి మా తుఫానుని మింగేసింది. ఇప్పుడు "99 తుఫానులో మా ఇల్లు పోయింది" అంటే "ఓ, సూపర్ సైక్లోనా" అంటారు. కాదండీ అంటే, అబద్ధం చెప్తున్నానేమో అన్నట్టు చూస్తారు!

కాశీబుగ్గ_జీడిపప్పు
పైలిన్ కూడా మీ గోపాల్‌పూరే కదా

బరంపురం_అప్పడం
అవును, 2013 అక్టోబరు 12. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు బాగా తక్కువ. అందుకే పైలిన్‌కి గుర్తుండిపోయిన ఫొటో ఒక్కటి చెప్పండి చూద్దాం. శవం లేకపోతే ఫొటో లేదు. షెల్టర్లో పడుకున్న జనాన్ని మొదటి పేజీలో ఎవడేస్తాడు?

డేటా_దాసు
ఈ పాయింటు ఒప్పుకుంటా. కాపాడినదానికి ఫొటో ఉండదు.

రాయగడ_ప్యాసింజర్
అందరూ ఫొటో రాలేదని ఏడుస్తున్నారు. వస్తే ఏమవుతుందో నన్నడగండి. మా చెల్లి కలహండిలో టీచరు, భవానీపట్నంలో కాపురం. దాని మరిదికి విశాఖ సంబంధం చూశాం. కుర్రాడు ఇంజనీరు, సొంతిల్లు. పిల్ల తండ్రి "కలహండా? అక్కడ తిండి ఉండదు కదా" అన్నాడు. పెళ్లిచూపుల్లో, ఎదురుగా జంతికలు పెట్టుకుని!

1985లో ఓ ఆవిడ మరదల్ని 40 రూపాయలకి అమ్మిందని వార్త, రాజీవ్ గాంధీ వచ్చారు, ఫొటోలొచ్చాయి. అక్కడితో కలహండి ఆగిపోయింది జనం బుర్రల్లో. ఇంద్రావతి కాలవ వచ్చాక ధాన్యంలో ఒడిశాలో పెద్ద జిల్లాల్లో అదొకటి. పచ్చటి వరి చేను ఫొటో కింద కలహండి అని రాస్తే ఎవడూ నమ్మడు.

జయపురం_వదిన
సంబంధం కుదిరిందా లేదా?

రాయగడ_ప్యాసింజర్
లేదు. మంచిదే అయింది, ఇంకోచోట కుదిరింది.

డేటా_దాసు
కలహండి అన్నారు గనక. 2016 ఆగస్టులో ఒకాయన భార్య శవాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రి నుంచి పది కిలోమీటర్లదాకా నడిచాడు, పక్కన కూతురు ఏడుస్తూ. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. బహ్రెయిన్ ప్రధాని దాదాపు 9 లక్షల చెక్కు పంపాడు. మహాప్రయాణ శవవాహనాలు ఆ వారంలోనే రోడ్డెక్కాయి. అంటే ఫొటో పనిచేసింది కదా? ఇక్కడ అందరూ ఫొటోని తిట్టేవాళ్లే.

లైన్_అకౌంట్
@డేటా_దాసు ఇంకో సంగతి వదిలేశారు. ఆ వీడియో తీసిన లోకల్ టీవీ విలేకర్లే అధికారులకి ఫోన్లు చేసి మిగతా దూరానికి అంబులెన్స్ రప్పించారు. "తీస్తూ నిలబడ్డారు, సాయం చేయలేదు" అని ఎవడో ఒకడు రాస్తాడని ముందే చెప్తున్నా.

కిమిడి_కుర్రాడు
పనిచేసిందా? రెండేళ్లకి తిత్లీ అయ్యాక మన గజపతిలోనే ఒక తండ్రి కూతురి శవాన్ని గోనెసంచిలో పెట్టుకుని పోస్టుమార్టానికి మోసుకెళ్లాడు. రోడ్డు తెగిపోయిందని. కొన్ని కిలోమీటర్లు నడిచాక, కెమెరాల్లో పడ్డాకే బండి దొరికింది. తర్వాత 2023 ఫిబ్రవరిలో కొరాపుట్ ఆయన, విశాఖ దగ్గర ఆసుపత్రి నుంచి భార్యని తీసుకెళ్తుంటే ఆటోలో ఆవిడ ప్రాణం పోయింది, విజయనగరం దాపుల్లో ఆటోవాడు దింపేశాడు. భుజాన వేసుకుని నడిచాడు. ప్రతిసారీ కొత్తగా చూసినట్టే చూశాం.

జయపురం_వదిన
ఆ విజయనగరం సంగతిలో నాకు ఎక్కువ బాధేసింది ఏమిటంటే, దారిలో జనం ఆపి అడిగారట. అతని మాట వాళ్లకి అర్థం కాలేదు. పోలీసులు వచ్చి, ఒడియా తెలిసినవాళ్లని పట్టుకుని కనుక్కుని అంబులెన్స్ పెట్టారు. మా కొరాపుట్ జిల్లా మనుషులు రోజూ విశాఖకి వైద్యానికి పోతారు, అదే రోడ్డు. ఫొటో చూసి మావాళ్లంతా "అయ్యో ఒడిశా" అన్నారు. ఒరే, మనం ఉండేదెక్కడ మరి?

కాశీబుగ్గ_జీడిపప్పు
నిజమే వదినా 😔

పాత_నెగటివ్
ఈ థ్రెడ్ ఇంతదూరం వచ్చి రాబందు ఫొటో రాలేదేంటి? సూడాన్, 1993, కూలబడిన పిల్ల, వెనక రాబందు. పిల్ల చచ్చిపోతుంటే ఆ ఫొటోగ్రాఫర్ ఫొటో తీసి వెళ్లిపోయాడు, ప్రైజ్ వచ్చింది, పాపభీతితో ఆత్మహత్య చేసుకున్నాడు. ఫొటోగ్రాఫర్లకి ఇదే గుణపాఠం.

లైన్_అకౌంట్
వచ్చేసింది వాట్సాప్ నీతికథ. నేను చెప్పానా లేదా?

రిటైర్డ్_మాస్టారు_గుణుపురం
@పాత_నెగటివ్ బాబూ, అది సగమే. కెవిన్ కార్టర్ తీసిన ఆ బిడ్డ అన్నం పెట్టే కేంద్రానికి దగ్గర్లోనే ఉంది. విమానం దిగితే పెద్దవాళ్లు తిండి తెచ్చుకోడానికి పరుగెత్తారు. 2011లో స్పెయిన్ విలేకర్లు వెళ్లి అడిగితే తండ్రి చెప్పాడు: అది ఆడపిల్ల కాదు మగపిల్లాడు, అప్పుడు బతికాడు, కొన్నేళ్లకి జ్వరంతో పోయాడని. కార్టర్ 1994 జూలైలో చనిపోయాడు. రాసిపెట్టిన కాగితంలో అప్పుల బాధ ఉంది, చూసిన చావులున్నాయి, అంతకు మూడు నెలల ముందు కాల్పుల్లో పోయిన స్నేహితుడు ఉన్నాడు. ఒక్క పిల్లాడి కథకి కట్టేస్తే మనకి సుఖంగా ఉంటుంది. సూడాన్‌లో ఆ కరువెందుకొచ్చిందో, యుద్ధం ఎవరిదో అడగక్కర్లేదు. ఫొటోగ్రాఫర్ని తిడితే సరిపోతుంది.

పాత_నెగటివ్
బతికాడా? ఇది నిజంగా తెలీదు మాస్టారూ. అయినా మనిషిగా ఎత్తుకోవాలి కదా?

డేటా_దాసు
ఆ బృందాలకి రోగాలు అంటుతాయి, ముట్టుకోవద్దని చెప్పేవారట. అయినా వాదన అది కాదు. ఎత్తుకుని ఫొటో తియ్యకపోయి ఉంటే సూడాన్ పేరు మీరు ఇవాళ ఇక్కడ ఎత్తేవారా?

కాశీబుగ్గ_జీడిపప్పు
*[జోడించిన చిత్రం తొలగించబడింది]*
ఇదిగో చూడండి, నిన్నొచ్చింది నాకు.

మోడరేటర్
@కాశీబుగ్గ_జీడిపప్పు చనిపోయిన పిల్లల ముఖాలు ఇక్కడ పెట్టొద్దు. పైగా ఆ ఫొటో ఏ ఊరిదో, ఏ ఏడాదిదో మీకు తెలీదు.

కాశీబుగ్గ_జీడిపప్పు
అదేటి, దాచేస్తే బాధ తెలిసీదెలగ? టీవీలో మసక చేసి చూపిస్తారు, ఇక్కడ తీసేస్తారు. అలగైతే జనానికి ఏడుపెలగొస్తాది?

డేటా_దాసు
మోడరేటర్ చెప్పిన రెండో మాట చూడండి. 2015 నేపాల్ భూకంపం, ఇద్దరు చిన్నపిల్లలు, అన్న చెల్లిని పొదువుకుని కూర్చున్న ఫొటో గుర్తుందా? అందరూ పంపారు, చందాలు కూడా అడిగారు. అది నేపాలే కాదు. 2007లో వియత్నాంలో ఓ పల్లెలో తీసింది. తీసినాయనే మొత్తుకున్నాడు, ఎవడూ వినలేదు.

ఇక 2024 మేలో గాజాలోని రఫా మీద అందరూ పెట్టుకున్న బొమ్మ, గుడారాలు వరసగా సర్దినట్టు. అది ఏఐ బొమ్మ. 4 కోట్లకు పైగా ఖాతాలు పంచుకున్నాయి. అసలు రఫాలో కెమెరా పట్టుకుని ప్రాణాలకి తెగించినవాళ్ల ఫొటో ఒక్కటీ అంత తిరగలేదు. రక్తం లేదు, మనిషి లేడు, ఎవరి స్టేటస్‌లోనైనా ఇమిడిపోతుంది.

బరంపురం_అప్పడం
నేనూ పెట్టాను అది 🙈

రిటైర్డ్_మాస్టారు_గుణుపురం
@కాశీబుగ్గ_జీడిపప్పు ముఖం కనిపిస్తేనే ఏడుపొస్తుందా? 2024లో వరల్డ్ ప్రెస్ ఫొటో మొదటి బహుమతి పొందింది చూడండి. రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ మహమ్మద్ సాలెం, 2023 అక్టోబరు 17న ఖాన్ యూనిస్‌లో నాసర్ ఆసుపత్రిలో తీశాడు. ఒకావిడ తెల్లగుడ్డ చుట్టిన మేనకోడల్ని ఒళ్లో పెట్టుకుని ముఖం దాచుకుని వంగి ఉంది. ఆవిడ ముఖం కనపడదు, పిల్ల ముఖం కనపడదు.

లైన్_అకౌంట్
మాస్టారూ, అది మా డెస్కుకి పంపి ఉంటే "ముఖం లేదు, ఇంకోటి పంపు" అనేవాళ్లు. ఒట్టు. ప్రమాదం వార్తకి రెండు ఫొటోలు తప్పనిసరి: 'రోదిస్తున్న కుటుంబ సభ్యులు', పక్కన 'మృతుడు (ఫైల్)'. తల్లి ఏడవకుండా శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే అది పనికిరాదు. "ఏడుస్తున్నది లేదా?" అని అడిగేవాళ్లు. ఒక ఊళ్లో నేను కెమెరా తీయగానే పక్కింటావిడ "ఏడవ్వే, పేపరాయన వచ్చాడు, పేపర్లో పడితే పరిహారం వస్తుంది" అని ఆ తల్లి భుజం తట్టింది. పక్కింటావిడ మంచికే చెప్పింది. ఆ తల్లి లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను తలుపుని తీసి పంపాను. పడలేదు.

జయపురం_వదిన
ఆ తలుపు ఫొటో ఉందా మీ దగ్గర?

లైన్_అకౌంట్
ఉంది. ఇక్కడ పెట్టను.

రాయగడ_ప్యాసింజర్
మీరంతా పేపర్లో ఫొటో గురించి మాట్లాడుతున్నారు, నేను వేరే చెప్తా. 2023 జూన్ 2, బహనగా బజార్, కోరమండల్ ప్రమాదం. మాకు తెలిసినవాళ్ల కుర్రాడు అందులో ఉన్నాడు, చెన్నై పనికి. వాళ్ల బావతో తోడుగా నేనూ బాలాసోర్ వెళ్లాను. అక్కడ పోయినవాళ్ల ఫొటోలు బల్లల మీద పరిచి ఉన్నాయి, ఒక్కోదానికీ నంబరు. స్క్రీన్ మీద కూడా తిప్పుతున్నారు. ముఖాలు గుర్తుపట్టేలా లేవు. వాళ్ల బావ ముఖాలు చూడటం మానేశాడు, చొక్కాలు చూస్తున్నాడు. నీలం గళ్ల చొక్కా, మోచేతి మీద తాడు. ప్రతి ఫొటో మీదా వేలు పెట్టి, తీసి, పక్కదానికి పోతున్నాడు. మా పక్కన ఒక బెంగాలీ ముసలాయన వరస మొత్తం చూసి, అయిపోయాక మళ్లీ మొదటికి వచ్చాడు.

ఆ వారం టీవీలో డ్రోన్ ఫొటోలు చూశారు కదా, పెట్టెలు బొమ్మల్లా తిరగబడి. ఎవరికి గుర్తున్నా అదే. నాకు ఆ బల్లలు. అవి ఏ పేపర్లోనూ పడాల్సినవి కావు, పడకూడదు కూడా. కానీ ఫొటో అంటే అందరికీ దూరం వాళ్ల బాధ చూపించేదే కాదు, మనవాణ్ణి వెతుక్కోడానికి కూడా అదే దిక్కు.

బరంపురం_అప్పడం
కుర్రాడు?

రాయగడ_ప్యాసింజర్
భువనేశ్వర్‌లో దొరికాడు. డీఎన్‌ఏ చేశాక.

కాశీబుగ్గ_జీడిపప్పు
...మోడరేటర్ గారూ, తీసేసింది సరేలెండి.

డేటా_దాసు
సరే, మొదటి ప్రశ్నకి వద్దాం. @కిమిడి_కుర్రాడు "మన తప్పెంత" అన్నావు. నా లెక్కలో మనదే ఎక్కువ. లైన్_అకౌంట్ చెప్పిన రోడ్డు, ఎడిషన్, అవన్నీ 2018 నాటివి. ఇప్పుడు ప్రతివాడి జేబులో కెమెరా ఉంది, కొండ మీద కూడా. పేపరు వెయ్యకపోతే మనం చూడలేమా? చూడాలని లేదు. దూరం బాధలో హాయి ఏంటంటే మననేమీ అడగదు. కొండ మీది మనిషి రేపు సంతలో ఎదురుపడతాడు, అడుగుతాడు.

జయపురం_వదిన
ఇది మాత్రం ఒప్పుకోను. సంతలో ఎదురుపడితే ఎవరడుగుతారు, ఎవరు వింటారు? చింతపండు బేరం ఆడి అటునుంచటే పోతాం. ఫొటో లేకపోవడం ఒక్కటే కారణమైతే వారం వారం చూసే మనుషుల సంగతి మనకి ఎప్పుడో తెలిసుండాలి.

డేటా_దాసు
మీరు నా మాటే తిప్పి చెప్తున్నారు వదినా.

జయపురం_వదిన
కాదు. నువ్వు చూడాలని లేదంటున్నావు. నేను చూసినా పట్టదంటున్నాను. రెండూ వేరు.

రిటైర్డ్_మాస్టారు_గుణుపురం
గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని, నిఘంటువు రాశారు. మనం వందేళ్ల తర్వాత "ఎక్కడిదది" అంటున్నాం. ఆయన ఊళ్లో చక్కటి వాడుక భాషలో పోట్లాడుకుంటున్నాం, అదొక్కటే ఆయనకి దక్కిన తృప్తి 🙂

కిమిడి_కుర్రాడు
@లైన్_అకౌంట్ అన్నా, తిత్లీ తర్వాత మీరు కొండ మీదికి వెళ్లారా? పడని ఫొటోలు ఏమైనా ఉన్నాయా? మా కాలేజీలో చిన్న ప్రదర్శన పెడదామని ఒక ఆలోచన. బాధ ఫొటోలని కాదు, ఊరు ఫొటోలు, ముందువీ తర్వాతవీ.

లైన్_అకౌంట్
ఉన్నాయి, హార్డ్ డిస్క్‌లో. కూలిన ఇళ్లు, రేషన్ లైను, బడి, కొత్త ఇళ్లు కట్టాక పిల్లలు. ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. ఇస్తాను, ఒక షరతు. అందులో ఉన్నవాళ్లకి ముందు చూపించాలి. వద్దన్నది తీసేయాలి. అప్పటి ఎనిమిదేళ్ల పిల్ల ఇప్పుడు బాగా ఎదిగి ఉంటుంది, చిరిగిన గౌనుతో ఉన్న ఫొటో కాలేజీ గోడ మీద వద్దనొచ్చు.

పాత_నెగటివ్
ప్రింట్లు నేను వేస్తాను. ల్యాబ్ ఉంది. కాగితం ఖర్చు ఇస్తే చాలు.

డేటా_దాసు
కాగితం ఖర్చు నేనిస్తా. కానీ శీర్షికల్లో 'రోదిస్తున్న' అన్న మాట కనిపిస్తే ఇవ్వను.

లైన్_అకౌంట్
😀 సరే. ఇంకో చిక్కు. నాకు సవర నాలుగు ముక్కలే వచ్చు. అడగడానికి వెళ్తే భాష వచ్చిన మనిషి కావాలి, అదీ ఆఫీసు మనిషి కాకూడదు. ఎవరైనా ఉన్నారా?

జయపురం_వదిన
మా ఆడపడుచు తోటికోడలు బారఘర వైపు ఆశా కార్యకర్త. ఆవిడకి వచ్చు. ఆదివారం సంత రోజు ఖాళీగా ఉండదు, సోమవారం అడిగి చెప్తా.